సమవిభజన, క్షయకరణ విభజన పరీక్షలో కలిసిపోతుంటే ఏం చేయాలి?

"బైపీసీ మొదటి సంవత్సరం. దశలన్నీ వరసగా అప్పజెప్పగలను, బొమ్మ వేయమంటే మాత్రం ఏది దేనిదో తెలియట్లేదు. అసలు విభజనలు రెండు రకాలెందుకు?" అని ఒక విద్యార్థి అడిగారు. సమవిభజనంటే ఒక కణం తనకున్నన్నే క్రోమోజోములు (డీఎన్ఏ దారాలు) ఉన్న రెండు కణాలుగా విడిపోవడం, క్షయకరణంటే బీజకణాల కోసం ఆ సంఖ్య సగమయ్యేలా విడిపోవడం. ఒకప్పుడు నాదీ ఇదే అవస్థ. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఇంటర్లో నాకు క్షయకరణ మొదటి ప్రథమదశలోని మెట్లు లెప్టోటీన్, జైగోటీన్, పాకిటీన్, డిప్లోటీన్, డయాకైనెసిస్ ఎక్కాల్లా వచ్చేవి. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అయినా పరీక్షలో క్షయకరణ చలనదశ-1 (క్రోమోజోములు రెండు ధ్రువాల వైపు కదిలే దశ) బొమ్మ వేసి, అందులో సెంట్రోమియర్లన్నీ (క్రోమోజోము రెండు పోగులనూ కలిపి ఉంచే ముడులు) శుభ్రంగా చీల్చేసి వచ్చాను. అది తప్పని కూడా తెలియలేదు. డిగ్రీ బీజెడ్‌సీలో ఉల్లివేరు ప్రాక్టికల్ చేశాకే అసలు విషయం బుర్రకెక్కింది. అదీ ఒక్కసారిగా కాదు.

ఉల్లిగడ్డకున్న పాత వేర్లు గీకేసి, అడుగు మాత్రం నీళ్లకు తగిలేలా గ్లాసు మీద కూర్చోబెడితే మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేర్లు దిగుతాయి. మొదటిసారి నేను సాయంత్రం తీరిగ్గా అంగుళం వేరు కోసుకెళ్లి, పై ముక్కను స్లైడు చేశాను. ఇటుకలు పేర్చినట్టు పొడుగాటి కణాలు కనిపించాయి, విభజన జరుగుతున్నది ఒక్కటీ లేదు. "కణాలు పుట్టేది కొసలోనమ్మా, నువ్వు తెచ్చింది సాగిపోయిన భాగం" అన్నారు మా మేడమ్. రెండోసారి ఉదయం ఎనిమిదీ తొమ్మిదీ మధ్య కొసలే కోశాను. మూడు వంతుల ఆల్కహాలు, ఒక వంతు అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో ఒక రోజు ఉంచి, 70 శాతం ఆల్కహాలులోకి మార్చాను. అంతా బాగానే ఉందనుకుంటే, అసిటోకార్మైన్ రంగును వేడి చేయబోయి స్పిరిట్ దీపం మీద మరగబెట్టేశాను. మూడోసారి కవర్‌స్లిప్ పగిలింది. నాలుగోసారి కుదిరింది. బాగా రంగు పట్టిన చివరి రెండు మిల్లీమీటర్లే ఉంచి, 45 శాతం అసిటిక్ ఆమ్లం ఒక చుక్క వేసి, పైన బ్లాటింగ్ పేపరు పెట్టి బొటనవేలితో నిటారుగా నొక్కాలి. వేలు పక్కకి జరిగిందా, కణాలన్నీ చాపలా చుట్టుకుపోతాయి.

ఆ స్లైడులో నూరు కణాలు లెక్కపెడితే పదకొండే విభజనలో ఉన్నాయి. వాటిలోనూ ఎక్కువ ప్రథమదశవే, చలనదశలో ఉన్నది ఒక్కటే. మొదట నిరాశపడ్డాను. తర్వాత తట్టింది, ఆ లెక్కే పాఠమని. సంతలో ఫొటో తీస్తే ఎక్కువసేపు నిలబడ్డవాళ్లే ఎక్కువమంది పడతారు కదా. ఏ దశ ఎక్కువ కణాల్లో కనిపిస్తే కణం ఆ దశలో అంత ఎక్కువసేపు ఉంటుందన్నమాట. మిగతా ఎనభై తొమ్మిది కణాలూ రెండు విభజనల మధ్య ఉండే అంతర్దశలో ఉన్నాయి. దాన్ని పూర్వం విశ్రాంతి దశ అనేవారు, అంత అన్యాయమైన పేరు ఇంకొకటి ఉండదు. కణం పెరిగేది, ప్రోటీన్లు తయారుచేసుకునేది, ఎస్ దశలో డీఎన్ఏను రెట్టింపు చేసుకునేది అంతా అప్పుడే. 24 గంటలకోసారి విభజన చెందే మనిషి కణంలో అసలు విభజనకు పట్టేది సుమారు ఒక గంట.

ఇక బొమ్మల సంగతి. మాది మంగళగిరి, ఇంట్లో మగ్గం ఉండేది. నాయనమ్మ రాట్నం మీద కండెలు చుట్టేది, మధ్యలో లావుగా, రెండు కొసలా సన్నగా. మన పాఠ్యపుస్తకంలో 'కండె తంతువులు' (క్రోమోజోములను అటూ ఇటూ లాగే పోగులు) అన్న మాట చదివినప్పుడు ఆ కండెకీ దీనికీ సంబంధం ఉందని నాకు తోచనే లేదు. మైక్రోస్కోపులో మధ్యస్థ దశ (క్రోమోజోములు కణం మధ్యలో వరస కట్టే దశ) చూశాక నవ్వొచ్చింది. 1882లో వాల్టర్ ఫ్లెమింగ్ సమవిభజనకు మైటోసిస్ అని పేరు పెట్టింది కూడా దారం అనే గ్రీకు మాట నుంచే. అందుకే మీరూ పుస్తకం మూసేసి దారాలు తీసుకోండి.

ఎర్ర దారాలు ఒక పొడుగుది, ఒక పొట్టిది. అవి అమ్మ ఇచ్చినవి. అలాగే తెల్లవి రెండు, నాన్న ఇచ్చినవి. మొత్తం నాలుగు క్రోమోజోములు. ప్రతి దారానికీ అదే రంగు, అదే పొడుగు దారం జతచేసి మధ్యలో ఒక గుండీతో కట్టండి. ఎస్ దశ అయిపోయింది. ఆ గుండీ సెంట్రోమియర్. ఇక్కడొక నియమం చెబుతాను, ఇదొక్కటి పట్టుకుంటే చాలు: క్రోమోజోములు ఎన్నో చెప్పాలంటే దారాలు లెక్కపెట్టకండి, గుండీలు లెక్కపెట్టండి.

సమవిభజనలో నాలుగు గుండీలూ ఒకే వరసలో నిలబడతాయి, ఎర్రదానికి తెల్లదానితో పనే లేదు. చలనదశలో ప్రతి గుండీ రెండుగా చీలుతుంది. రెండు వైపులా నాలుగేసి. ఉల్లిలో అయితే 16 కాస్తా కాసేపు 32 అయి, చెరో 16గా సర్దుకుంటాయి. ఇంతే.

క్షయకరణలో కథంతా మొదటి ప్రథమదశలోనే ఉంది. పొడుగు ఎర్రది వెతుక్కుంటూ వెళ్లి పొడుగు తెల్లదాని పక్కన చేరుతుంది, పొట్టిది పొట్టిదానితో. జైగోటీన్ అంటే ఈ జత కట్టడమే. పాకిటీన్‌లో ఎర్రదారం ముక్క, తెల్లదారం ముక్క తెగి అటుదిటు అతుక్కుంటాయి. కత్తెర తీసుకుని నిజంగానే కత్తిరించి ముడేయండి, వినిమయం ఇక మరిచిపోరు. డిప్లోటీన్‌లో జతలు విడిపోబోతూ, ముక్కలు మారిన చోట మాత్రం అతుక్కుని ఉంటాయి. డిప్లోటీన్ నాకు ఎలా గుర్తుందంటే, ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలు ఈ దశ దాకా వచ్చి ఆగిపోతాయి, మళ్లీ కదిలేది ఏళ్ల తర్వాత అండం విడుదలయ్యేటప్పుడే. అంటే నేను పుట్టిన అండం మా అమ్మమ్మ కడుపులోనే విభజన మొదలుపెట్టింది!

మొదటి చలనదశలో గుండీలు చీలవు. జతలో ఎర్రది ఒక వైపు, తెల్లది ఇంకో వైపు, గుండీతో సహా. నాలుగు రెండవుతాయి. క్షయం అంతా ఇక్కడే. రెండో విభజన అచ్చం సమవిభజనలాగే నడుస్తుంది, గుండీలు అప్పుడు చీలతాయి. మొత్తం నాలుగు కణాలు, ఒక్కోదాంట్లో రెండు దారాలు. ఏ జతలో ఎర్రది ఎటు తిరుగుతుందన్నది ఆ జత ఇష్టం. మనిషిలో 23 జతలు కాబట్టి, ముక్కల మార్పిడి లెక్కలోకి తీసుకోకపోయినా 83,88,608 రకాల కలయికలు. 84 లక్షల జీవరాశులన్న మాట విన్నప్పుడల్లా నాకు ఈ అంకె గుర్తొస్తుంది. రెంటికీ ఏ సంబంధమూ లేదు లెండి.

రెండు రకాలెందుకన్న దానికి జవాబు మన తోటల్లోనే ఉంది. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదని రైతులందరికీ తెలుసు. టెంకలోని పిండం క్షయకరణ జరిగిన కణాల కలయికతో ఏర్పడింది, అంటే పేకముక్కలు కలిపి కొత్తగా పంచినట్టు. అంటు కడితే కొమ్మ సమవిభజనతోనే పెరుగుతుంది కాబట్టి అదే కాయ, అదే రుచి. అరటి ఇంకా చిత్రం. చక్రకేళి, కర్పూరం రెండూ త్రయస్థితికాలు, ఒక్కో రకానివి మూడేసి చొప్పున 33 క్రోమోజోములు. జత కట్టే వేళకి ముగ్గురుంటే ఎవరు ఎటు పోవాలి? బీజకణాలు సరిగా ఏర్పడవు, గింజ కట్టదు. పండు కోసినప్పుడు మధ్యలో కనిపించే నల్లచుక్కలు గింజలు కాలేకపోయిన అండాలే. అందుకే పిలకలు పాతుతారు. పిలకంటే సమవిభజనే. తోటంతా ఒకే మొక్కకు నకళ్లు కావడంతో, ఒకదాన్ని దెబ్బతీసే తెగులు అన్నిటినీ దెబ్బతీస్తుంది.

క్షయకరణను కళ్లారా చూడాలంటే విత్తనానికి వదిలిన ఉల్లిమడి నుంచి పూగుత్తి తెచ్చుకోండి. ఒకే గుత్తిలో అన్ని వయసుల మొగ్గలూ ఉంటాయి. పరాగకోశాలు పసుపుపచ్చగా మారిన మొగ్గల్లో పని అయిపోయి పుప్పొడి ఉంటుంది, వాటిని వదిలేసి ఇంకా తెల్లగా ఉన్న చిన్నవాటిని తీసుకోవాలి. నాకు ఆరేడు మొగ్గలు పాడయ్యాక ఎనిమిది జతలు కనిపించాయి. నాలుగేసి కణాలు అంటిపెట్టుకున్న చతుష్కాలైతే వెంటనే దొరికాయి. అంత ఓపిక లేకపోతే దారాలు చాలు. పరీక్షలో బొమ్మ మొదలుపెట్టే ముందు మార్జిన్లో పెన్సిల్‌తో గుండీల లెక్క రాసుకోండి: సమవిభజన 4, మొదటి క్షయకరణ 2, రెండోది 2. ఇవి చలనదశలో ఒక్కో ధ్రువం వైపు ఉండాల్సిన సంఖ్యలు. బొమ్మలో ఆ లెక్క తప్పితే చెరిపేసి మళ్లీ వేయండి.