వీల్‌చెయిర్‌లో ఉన్న పాపని స్కూల్ డాన్స్‌లో ఎలా కలపాలి?

విజయనగరం దగ్గర మీ బడి వార్షికోత్సవంలో, వీల్‌చెయిర్‌లో ఉండే ఆరో తరగతి పాపని డాన్స్‌లోకి తీసుకోవచ్చా అని అడిగారు. తప్పకుండా తీసుకోవచ్చు, అదీ ఓ మూల కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించడానికి కాదు, అందరి మధ్యలోకి.

వీల్‌చెయిర్ డాన్స్ 1968లో స్వీడన్‌లో మొదలై ఇప్పుడు అంతర్జాతీయ పోటీల దాకా వెళ్ళింది. ఒకరు కుర్చీలో, ఒకరు నిలబడి చేసే జంట పద్ధతిని కాంబి అంటారు, మీకు పనికొచ్చేది అదే.

మన ఉత్తరాంధ్ర జానపద నృత్యం తప్పెటగుళ్ళు అయితే ఇంకా బాగా కుదురుతుంది. తప్పెట గుండెల మీదే కట్టుకుంటారు కాబట్టి పాప అందరిలాగే వాయించగలదు, ఆ సమయంలో చేతులు ఖాళీ ఉండవు కనక స్నేహితురాలు వెనకనుంచి కుర్చీ తోస్తుంది, దరువు ఆగినచోట పాపే ఒక చక్రం ముందుకీ ఇంకోటి వెనక్కీ తిప్పితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ముందు ఆ ఒక్క స్టెప్పు నేర్పండి, మిగతావి వాటంతటవే వస్తాయి.

ఇసుక నేల వద్దు, ముందున్న చిన్న చక్రాలు కూరుకుపోతాయి. ఓణీ చక్రాల చువ్వల్లో పడకుండా నడుముకి బిగించండి. స్టేజీకి మెట్లే ఉంటే పాపని ఎత్తుకెళ్ళకండి, అందరూ కిందే ఆడండి. అడక్కుండా ఆమె కుర్చీ ముట్టుకోవద్దని పిల్లలకి గట్టిగా చెప్పండి.

హెడ్మాస్టరు కుదరదంటే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చూపించండి, ఆటల్లో, వినోద కార్యక్రమాల్లో సమాన అవకాశం ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉంది.