అమ్ములూ, ఓరల్‌కి వెళ్లే ముందు ఒక తేదీ చూసుకో

అమ్ములూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మోకాళ్ల నొప్పులు, పక్కింటివాళ్ల గొడవ అన్నీ చెప్పుకున్నాక, ఇక పెట్టేస్తాడనగా, "అన్నట్టు, దానికి వచ్చే నెల ప్రైవేట్ పైలట్ పరీక్షటరా. ముందు ఓరల్ ఉంటుందట. దాని నోటికేం, గట్టెక్కేస్తుందిలే" అన్నాడు. గర్వాన్ని గొంతులో దాచుకోవడం మీ నాన్నకి ఎప్పుడూ చేతకాదు. నాకూ చేతకాదనుకో, ఫోన్ పెట్టేసి మీ పిన్నిని నిద్రలేపి మరీ చెప్పాను. ఆవిడ "మంచిదే" అని మళ్లీ పడుకుంది. నాకే నిద్ర పట్టలేదు.

"దాని నోటికేం" అన్న ముక్క దగ్గరే ఆగిపోయాను. 1998లో నేనూ ఆ ధీమాతోనే వెళ్లాను. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెప్తే "సరే బాబాయ్, సరే బాబాయ్" అంటూ మధ్యలో ఇంకేదో చూసుకుంటావు.

తేలిక సంగతులు ముందు కానిచ్చేద్దాం. ఐయాక్రాలో, అదే అమెరికా విమానయాన శాఖ వెబ్‌సైట్‌లో, అప్లికేషన్ మీద నువ్వూ, మీ ఇన్‌స్ట్రక్టరూ సంతకం చేశారో లేదో చూసుకో. ఫొటో ఐడీ, మెడికల్, రాతపరీక్ష రిజల్టు కాగితం, లాగ్‌బుక్ ఒకే సంచిలో పెట్టుకో. రాతపరీక్ష పాసై 24 నెలలు దాటకూడదు. ఎగిరిన గంటలు 40 దాటాయని మురిసిపోకు. రాత్రి 3 గంటలు, ఒక్కదానివే వెళ్లిన 150 నాటికల్ మైళ్ల దూరప్రయాణం (సోలో క్రాస్ కంట్రీ), పరీక్షకి ముందు రెండు నెలల్లో ఇన్‌స్ట్రక్టర్‌తో 3 గంటల ప్రిపరేషన్, దేనికది లాగ్‌బుక్‌లో వేలు పెట్టి చూపించగలగాలి. రాతపరీక్షలో పోయిన ప్రశ్నల కోడ్‌లు ఆ కాగితం మీదే ఉంటాయి, వాటిని ఎగ్జామినర్ అడక్క మానడు. మా రోజుల్లో పరీక్ష ప్రమాణాల పుస్తకం పీటీఎస్ అని ఉండేది, 2016 నుంచి దాని బదులు ఏసీఎస్ వచ్చింది. ఏమేం అడగొచ్చో అంతా అందులో రాసే ఉంది. ప్రశ్నాపత్రం ముందే చేతికిచ్చినట్టు. అది చదవకుండా వెళ్తే మాత్రం నాకు ఫోన్ చెయ్యకు.

ఇక నా కథ. మీ నాన్నకి తెలిసిన ప్రకారం, ఆ జులైలో వాన పడి నా పరీక్ష మూడు వారాలు వాయిదా పడింది. వాన పడలేదమ్మా. ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. నేను ఫెయిలయ్యాను.

ఎగ్జామినర్ పెద్దాయన, నిమ్మళంగా మాట్లాడే మనిషి. విమానం మెయింటెనెన్స్ లాగ్‌లు, ఎయిర్‌ఫ్రేమ్‌ది ఒకటీ ఇంజిన్‌ది ఒకటీ, బల్ల మీద నావైపు జరిపి "ఈ విమానం ఇవాళ ఎగరొచ్చా? చూపించు" అన్నాడు. ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ముందురోజు సాయంత్రమే స్కూల్లో కూర్చుని పేజీలకి పసుపు చీటీలు అంటించుకున్నాను. ఠక్కున ఆన్యువల్ ఇన్‌స్పెక్షన్ దగ్గర తెరిచాను. మెకానిక్ బాల్‌పెన్నుతో రాసిన తేదీ 6/7/97. పక్కన సంతకం, సర్టిఫికెట్ నంబరు. "పోయినేడాది జులై 6న అయింది సార్. 12 క్యాలెండర్ నెలలు కాబట్టి ఈ జులై 31 దాకా చెల్లుతుంది" అన్నాను. ఒట్టి నెలలు అనకుండా క్యాలెండర్ నెలలు అన్నందుకు మెచ్చుకుంటాడని కూడా అనుకున్నాను.

ఆయన మెచ్చుకోలేదు. "ఆ తేదీ ఇంకోసారి చదువు" అన్నాడు. చదివాను, ఈసారి కొంచెం గట్టిగా. ఆయన ఏమీ అనకుండా ఇంజిన్ లాగ్‌లో అదే ఆన్యువల్ ఎంట్రీ తీసి, దాని కింద గీతకి వేలు జరిపాడు. అదే మెకానిక్ చేతిరాత, ఆయిల్ మార్చినట్టు. తేదీ 6/28/97.

ఇరవై ఎనిమిదో నెల ఏ పంచాంగంలోనూ ఉండదు కదా.

ఇక్కడ అమెరికాలో నెల ముందు, తేదీ తర్వాత రాస్తారని నాకు తెలియక కాదు. వచ్చి మూడేళ్లయింది, రోజూ చెక్కుల మీద అలాగే రాస్తున్నాను. కానీ చిన్నప్పటి అలవాటు చేతిని వదిలినా కంటిని వదలదు. 6/7 అంటే నా కంటికి జులై ఆరే. జూన్ 7న చేసిన ఆన్యువల్ జూన్ 30తో అయిపోయింది. మేము మాట్లాడుకుంటున్నది జులై 8న. వారం రోజులుగా ఆ విమానం నేల మీద ఉండాల్సింది.

"ఈ వారంలో దీన్ని నడిపావా?" అని అడిగాడు. రెండుసార్లు నడిపాను, ఒక్కణ్ణే. సోలోలో పైలట్ ఇన్ కమాండ్ నేనే. విమానం ఎగరడానికి తగ్గట్టుగా ఉందో లేదో తేల్చుకోవాల్సిన బాధ్యత పైలట్ ఇన్ కమాండ్‌దే అని విమానయాన నియమాల పార్ట్ 91లో ఉన్న వాక్యం నాకు కంఠతా వచ్చు, 91.7 అని నంబరుతో సహా. ఆ నిమిషంలో అది అప్పజెప్పడానికి నోరు పెగల్లేదు.

స్కూలువాళ్ల తప్పు లేదా అంటే ఉంది. హండ్రెడ్ అవర్ ఇన్‌స్పెక్షన్ (ప్రతి వంద గంటలకి చేసేది) అంతకుముందే అయింది, ఆ నమ్మకంతో ఆన్యువల్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆన్యువల్ చేస్తే అది హండ్రెడ్ అవర్ కింద కూడా చెల్లుతుంది, హండ్రెడ్ అవర్ మాత్రం ఆన్యువల్ కింద చెల్లదు. హండ్రెడ్ అవర్‌కి ఏ అండ్ పీ, అంటే మామూలు లైసెన్సున్న మెకానిక్ సంతకం సరిపోతుంది, ఆన్యువల్‌కి ఐఏ అనే అదనపు తనిఖీ అనుమతి కూడా ఉన్నవాడు కావాలి. ఇది నిన్ను అడుగుతారు చూడు. స్కూలుని తిట్టుకోవడం నేను ఎప్పుడో మానేశాను. ఎందుకంటే అసలు ముక్క నీకింకా చెప్పలేదు.

ముందురోజు సాయంత్రం చీటీలు అంటిస్తున్నప్పుడే ఆ 6/28 నా కంట పడింది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది కూడా. మా ఇన్‌స్ట్రక్టర్ పక్క గదిలోనే ఉన్నాడు, లేచి వెళ్తే నాలుగడుగులు. కానీ తెల్లారితే పరీక్ష పెట్టుకుని, తేదీ ఎలా చదవాలని అడిగితే ఏమనుకుంటాడు? చీటీని బొటనవేలితో గట్టిగా నొక్కి, పుస్తకం మూసి ఇంటికొచ్చేశాను.

డిసప్రూవల్ కాగితం చేతికిచ్చాడు. పింక్ స్లిప్ అంటారు దాన్ని. ఆ రాత్రి మీ నాన్న ఫోన్ చేస్తే, "ఇక్కడ ఒకటే వాన అన్నయ్యా, వాయిదా పడింది" అన్నాను. "పోనీలేరా, ఏదీ మన మంచికే" అన్నాడు. మళ్లీ ట్రైనింగ్, మళ్లీ ఎండార్స్‌మెంట్, వేరే విమానం, మూడు వారాల తర్వాత పాసయ్యాను. "చూశావా, ఆ వాన మంచిదే అయింది" అని ఊళ్లో అందరికీ చెప్పాడట. ఇప్పటికీ నా లైసెన్సు మాట వస్తే ఆ వానని తలుచుకుంటాడు పిచ్చి మనిషి. తలుచుకున్నప్పుడల్లా నేను లేచి మంచినీళ్లకి వెళ్తాను.

నువ్వు రెండో క్లాసులో ఎక్కాలు అప్పజెప్పిన రోజులు గుర్తున్నాయా? వచ్చినంతవరకు మామూలుగా చెప్పి, రానిచోట గొంతు పెంచేదానివి. పదమూడో ఎక్కంలో ఏడు దగ్గరికొచ్చేసరికి వీధి చివరిదాకా వినిపించేది. అంత ధైర్యంగా తప్పు చెప్పే పిల్లని ఇంకెక్కడా చూడలేదు. అందరం పడీ పడీ నవ్వేవాళ్లం, నేను అందరికన్నా ఎక్కువ. ఆ గొంతు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో నాకు తెలుసు కాబట్టి. (తొంభై ఒకటి. పార్ట్ 91 చదువుతున్నావు కాబట్టి ఇక మర్చిపోవులే.)

ఆ గొంతు ఓరల్‌లో వద్దు. "కచ్చితంగా గుర్తులేదు, చూసి చెప్తాను" అని పుస్తకం తెరిస్తే ఎవరూ తప్పుపట్టరు. రాత్రి అంటే ఏమిటి అన్న ప్రశ్నకే మూడు జవాబులున్నాయి. పొజిషన్ లైట్లకి సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా. లాగ్‌బుక్‌లో రాత్రి గంటలుగా రాసుకోవడానికి సివిల్ ట్విలైట్ (సంధ్యవెలుగు) లెక్క. ప్రయాణికుల్ని ఎక్కించుకోవడానికి కావాల్సిన ల్యాండింగులకి, సూర్యాస్తమయమైన గంట తర్వాత నుంచి సూర్యోదయానికి గంట ముందు దాకా. కలగాపులగం అయితే తెరిచి చూడు, అందులో సిగ్గేం లేదు. అన్నిటికీ తెరిస్తే మాత్రం కుదరదు. ఇంజిన్ ఆగిపోతే ఏ స్పీడు పట్టాలో పుస్తకంలో వెతుక్కునేదాన్ని ఎవరూ పాస్ చెయ్యరు, చెయ్యకూడదు కూడా.

ఇంకోటి, అడిగినదానికి చెప్పి ఆగు. మనం అడిషనల్ షీట్లు కట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లం, ఆగడం మనకి రాదు. రెండోసారి వెళ్లినప్పుడు, బయటికి చూస్తూ నడిపే ప్రయాణానికి, అంటే వీఎఫ్ఆర్‌లో ఇంధనం రిజర్వు ఎంతని అడిగారు. పగలు 30 నిమిషాలు, రాత్రి 45. అంతటితో ఊరుకుంటే అయిపోయేది. "హెలికాప్టర్‌కైతే 20 సార్" అని నేనే తగిలించాను. "ఓహో, హెలికాప్టర్లు కూడా చదివావా" అని ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆ తర్వాత పావుగంట నా తిప్పలు నీకెందుకులే.

అంకె చెప్పాక "ఎందుకు" అంటారు, దానికి సిద్ధంగా ఉండు. 5,000 అడుగుల ఎత్తున్న ఎయిర్‌పోర్ట్‌లో 30 డిగ్రీల ఎండ అనుకో. ఆ ఎత్తులో స్టాండర్డ్ ఉష్ణోగ్రత 5 డిగ్రీలే. తేడా 25, డిగ్రీకి సుమారు 120 అడుగులు, అంటే ప్రెషర్ మామూలుగా ఉన్నా విమానం లెక్కలో అది 8,000 అడుగులు. ఈ లెక్క అందరూ చేస్తారు. గాలి పల్చబడితే రెక్కకీ, ప్రొపెల్లర్‌కీ, ఇంజిన్‌కీ మూడింటికీ ఒకేసారి దెబ్బ తగులుతుందనీ, రన్‌వే చివర చెట్లు మాత్రం ఎక్కడున్నవి అక్కడే ఉంటాయనీ నీ మాటల్లో చెప్పగలగాలి.

వెయిట్ అండ్ బ్యాలెన్స్ దగ్గర నాకు ప్రత్యేకంగా భయం, అదీ మీ నాన్న వల్ల. లైసెన్స్ రాగానే తనూ, మీ అమ్మా, మీ తమ్ముడూ ఎక్కేస్తామని లెక్క వేసుకుని కూర్చున్నాడు. నువ్వు నడిపే సెస్నా 172 ఎస్‌లో ట్యాంకులు నింపితే వాడుకోగల ఇంధనం 53 గ్యాలన్లు, గ్యాలన్‌కి 6 పౌండ్ల చొప్పున 318 పౌండ్లు. ఆ తర్వాత నలుగురు పెద్దవాళ్లకి చోటు సీట్లలో ఉంటుంది గానీ బరువులో ఉండదు. మీ నాన్న ఇరవై ఏళ్లుగా తన బరువు ఒకే అంకె చెప్తున్నాడు. మొహమాటపడకుండా కాటా మీద నిలబెట్టు. "పెట్రోలు డబ్బులు మొత్తం నేనే ఇస్తా" అని కూడా అంటాడు. తీసుకోకూడదు. నలుగురు ఎక్కితే విమానం అద్దె, ఇంధనం వగైరాల్లో కనీసం నాలుగో వంతు నీ జేబులోంచే పోవాలి. ఇదీ ఓరల్‌లో వచ్చే ప్రశ్నే, కాకపోతే నీకిది నిజంగా ఇంట్లోనే ఎదురవుతుంది.

ఓరల్ అయ్యాక, విమానం నడిపి చూపించే వంతు వచ్చేసరికి గాలి ఎక్కువగా ఉంటే ఎగరనని చెప్పు. డిస్‌కంటిన్యూయన్స్ లెటర్ ఇస్తారు, 60 రోజుల్లో మిగతాది పూర్తి చేసుకోవచ్చు, అయినంతవరకు లెక్కలో ఉంటుంది. అది ఫెయిలవడం కాదు. నిజం వానకి నిజంగానే వాయిదా వేసుకోవచ్చన్నమాట. ముందు రాత్రి తొందరగా పడుకో. పొద్దున ఏదైనా తిను, టెన్షన్‌లో కాఫీతో కడుపు నింపుకోవడం నీకు అలవాటు.

వాన సంగతి మీ నాన్నకి నేనే చెప్తాను, నీ పరీక్ష అయ్యాక. నువ్వు ముందే నోరు జారావంటే చూడు.

ఆదివారం ఫోన్ చేస్తాను. ఈలోపు స్కూలుకెళ్లి నీ విమానం లాగ్‌లు అడిగి తెరిచి చూడు. ఆన్యువల్ ఎప్పుడయిందో నాకు చెప్పేటప్పుడు నెల పేరుతో చెప్పు, అంకెల్లో వద్దు.

నీ
బాబాయి