ఇమ్మిగ్రేషన్‌కు తెలుగు మాట వెతుకుతున్న మేనల్లుడికి

చిరంజీవికి,

మావయ్య ఆశీస్సులు. పత్రిక డెస్కులో చేరిన మూడో వారానికే ఇమ్మిగ్రేషన్ అన్న మాట దగ్గర చిక్కుకున్నావని మీ అమ్మ చెప్పింది. గల్ఫ్ వెళ్లినవాళ్ల మీద కథనంలో ‘ఆగమన వలస’ అని రాస్తే మీ ఇన్‌ఛార్జి కొట్టేశారట. నేనైనా కొట్టేసేవాణ్ణే.

ఇంగ్లిషువాళ్లు ఒకే ప్రయాణానికి రెండు గుమ్మాల నుంచి రెండు పేర్లు పెట్టుకున్నారు. వదిలిన దేశానికి అది ఎమిగ్రేషన్, చేరిన దేశానికి ఇమ్మిగ్రేషన్. మనకున్నది వలస ఒక్కటే. దానికి చిన్నబోనక్కర్లేదు. దిక్కు చెప్పే పని మనం క్రియకు అప్పగించాం: వలస వెళ్లారు, వలస వచ్చారు. కొత్త సమాసం అల్లే ముందు నీ వాక్యం ఏ గుమ్మంలో నిలబడిందో చూసుకో.

కాకినాడ దగ్గరి కోరంగి సంగతే తీసుకో. ఆ రేవు మీదుగా మనవాళ్లు ఓడలెక్కి బర్మాకు వలస వెళ్లారు. రంగూన్ రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. వలస వచ్చిన ఈ తెలుగువాళ్లను అక్కడివాళ్లు ‘కోరంగీలు’ అన్నారు. ఏ ఊరివాడైనా సరే, వాళ్ల లెక్కలో కోరంగీయే! 1942లో జపాన్ సైన్యం వచ్చిపడితే ఎంతోమంది కొండలూ అడవులూ పట్టుకుని నడిచి వచ్చారు. సొంత గడ్డ మీద అడుగుపెట్టేసరికి వాళ్ల పేరు కాందిశీకులు. ఈ కథలో వలసదారులు అన్న ఒక్క మాటనే మొదటి నుంచి చివరిదాకా వాడి చూడు, సగం కథ చచ్చిపోతుంది.

నా పొరపాటు కూడా చెబుతాను. ఒకసారి హెచ్‌1బీ వార్తకు ‘వలస వీసాలకు కోత’ అని శీర్షిక పెట్టాను. తెల్లారేసరికి ఫోన్లు. “మా అబ్బాయి గ్రీన్‌కార్డు పోయినట్టేనా అండీ?” అని ఒక పెద్దాయన వణుకుతున్న గొంతుతో అడిగారు. అమెరికా చట్టం హెచ్‌1బీని వలస వీసాగా లెక్కించదు, అది గడువున్న ఉద్యోగ వీసా. స్థిరనివాసానికి ఇచ్చేది గ్రీన్‌కార్డు. ఆయనకు సర్దిచెప్పేసరికి నా కాఫీ చల్లారిపోయింది. అప్పటి నుంచి వీసా వార్త ఏది వచ్చినా, వెళ్లేది ఉండిపోవడానికా, పనిచేసి రావడానికా అని ముందు అడుగుతాను.

అందుకే జగిత్యాల నుంచో కడప నుంచో గల్ఫ్ వెళ్లినవాళ్లు ‘అక్కడ స్థిరపడ్డారు’ అని రాయకు. ఇరవై ఏళ్లు చేసినా, పని పోతే సాధారణంగా సామాను సర్దుకోవలసిందే. వాళ్లు వలస కార్మికులు. వాళ్లను పంపే తీరును నియంత్రించే మన 1983 నాటి చట్టం పేరు కూడా ఎమిగ్రేషన్ చట్టమే, చూసుకో.

విమానాశ్రయం దగ్గర మాత్రం పట్టుదలకు పోకు. “ఇమ్మిగ్రేషన్ అయిపోయిందమ్మా” అని పిల్లలు ఇంటికి ఫోన్ చేస్తారు, వెళ్లేటప్పుడూ అదే మాట, వచ్చేటప్పుడూ అదే. అక్కడ అది కౌంటరు పేరు. అలాగే ఉంచు.

‘అక్రమ వలసదారుడు’ అన్నది చేతికి అలవాటైపోయిన మాట. వీసా గడువు దాటి ఉండిపోయాడా, సరిహద్దు దొంగచాటుగా దాటాడా, ఏజెంటు నకిలీ కాగితాలు చేతిలో పెట్టాడా? జరిగిందేదో అదే రాయి. రెండు మాటలు ఎక్కువైతే ఫొటో కాస్త తగ్గించమను.

ఆ గల్ఫ్ కథనం తిరగరాసి నాకు పంపు. శీర్షిక ఖాళీగా వదిలెయ్యి.

మీ మావయ్య