చేర్చే ముందు రాత్రి ఎనిమిదింటికి ఒకసారి వెళ్ళండి

ప్రశ్న: మేడమ్ నమస్తే. మా అమ్మకి 74 ఏళ్ళు, పోయిన దసరా ముందు స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా రాదు, అవును కాదు అని తల ఊపుతుంది అంతే. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, ఇంట్లో పెట్టుకున్న కేర్‌టేకర్లు ఆర్నెల్లలో ముగ్గురు మారారు. ఇంక మా వల్ల కాక ఏదైనా నర్సింగ్ హోమ్ లాంటి కేర్ సెంటర్‌లో పెడదామనుకుంటున్నాం. నాలుగు చూసొచ్చాం, నాలుగూ బాగానే కనిపించాయి, ఏసీ రూములు, టీవీ, ఫిజియోథెరపీ గది, నెలకి 40 వేల నుంచి 60 వేల దాకా చెప్పారు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు ఆన్‌లైన్‌లో రేటింగ్ ఎక్కువ ఉన్నదాంట్లో పెట్టెయ్ అక్కా అంటున్నాడు. నాకేమో భయం, అమ్మ నోరు తెరిచి చెప్పలేదు కదా. ఏం చూసి నమ్మమంటారు?
- ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: అమ్మ నోరు తెరిచి చెప్పలేదు కదా అన్నారు చూడండి, మీ ఉత్తరం మొత్తంలో నాకు ఆ మాటే పట్టుకుంది తల్లీ. మీరు వెతకాల్సింది కూడా అక్కడే. ఏ సెంటర్‌కి వెళ్ళినా కుర్చీలో కూర్చుని టీవీ చూస్తూ మీకు నమస్కారం పెట్టే పెద్దాయన దగ్గరికి కాదు, మాట రాకుండా మంచం మీదే ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళండి. మీ అమ్మగారికి అక్కడ ఎలా జరుగుతుందో ఆ మనిషి ఒంటిని చూస్తే తెలుస్తుంది.

ముందు ఒక మాట. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే పది ఇరవై మంచాల చిన్న ఆసుపత్రి, కాన్పులకీ ఆపరేషన్లకీ వెళ్ళేది. మీరు అడిగేది పెద్దవాళ్ళని నెలలు ఏళ్ళు ఉంచుకుని చూసే కేర్ హోమ్. ఈ రెండిటికీ కాగితాలు ఒకటి కావు. రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగితే చాలామంది సొసైటీ రిజిస్ట్రేషనో కంపెనీ రిజిస్ట్రేషనో తీసి చూపించి గవర్నమెంట్ రిజిస్టర్డ్ అండీ అంటారు, అది సంస్థ పేరు రాయించుకున్న కాగితం, వైద్యానికి ఇచ్చిన అనుమతి కాదు. సెలైన్లు పెడతాం, ఆక్సిజన్ ఇస్తాం, ఐసీయూ లాంటి గది ఉంది అని చెప్పేవాళ్ళని మాత్రం జిల్లా వైద్య ఆరోగ్యశాఖ దగ్గర చేయించిన రిజిస్ట్రేషన్ చూపించమని అడగండి, పేరూ అడ్రసూ అదేనా, గడువు ఉందా అన్నది కూడా చూడండి.

మీ తమ్ముడు చెప్పింది వాళ్ళున్న చోట కొంత నిజమే. అమెరికాలో పెద్దవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా, మెడికేర్ వాళ్ళు 2008 నుంచి నర్సింగ్ హోములకి ఒకటి నుంచి ఐదు దాకా స్టార్లు ఇస్తున్నారు, ప్రభుత్వ తనిఖీల్లో ఏం దొరికింది, పేషెంట్లకి సరిపడా నర్సులున్నారా, పేషెంట్ల ఆరోగ్యం ఎలా ఉంది అనే మూడిటి మీద లెక్కేసి ఇస్తారు. మన దగ్గర మ్యాప్‌లో కనిపించే స్టార్లకి వెనకాల ఏ తనిఖీ లేదు, ఎవరు పెట్టారో, లోపలికి వచ్చి చూసి పెట్టారో లేదో మనకి తెలీదు. కాబట్టి ఆ తనిఖీ మీరే చెయ్యాలి.

నేను ఇరవై ఎనిమిదేళ్ళు ప్రభుత్వాసుపత్రి వార్డుల్లో నర్సుగా చేశాను. అయినా మా అత్తగారిని ఒక చోట చేర్చినప్పుడు పగలు పదకొండింటికి వెళ్ళి, గదులు చూసి, వంటిల్లు చూసి, బాగుంది అనుకుని వచ్చేశా. పద్దెనిమిదో రోజున ఒళ్ళు తుడుద్దామని పక్కకి తిప్పితే నడుం కింద రూపాయి బిళ్ళంత పుండు. కనుక్కుంటే రాత్రిపూట ముప్పై మందికి ఇద్దరే ఆయాలు, నర్సు లేదు, ఒక్కసారి పడుకోబెడితే తెల్లారేదాకా తిప్పేవాళ్ళు లేరు. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది, ఆవిడ పడ్డ నొప్పి నేను ఇప్పటికీ మర్చిపోలేను. అందుకే అందరికీ చెప్తున్నా, రాత్రి ఎనిమిదింటికి వెళ్ళండి, ఆదివారం సాయంత్రం వెళ్ళండి, ఫోన్ చెయ్యకుండా వెళ్ళండి. రాత్రి ఎంతమంది డ్యూటీలో ఉంటారు, అందులో జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చదివి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవాళ్ళు ఎందరు అని అడగండి. తెల్ల డ్రెస్ వేసుకున్న ప్రతి అమ్మాయీ నర్సు కాదు. మేనేజర్ చెప్పిన లెక్కతో సరిపెట్టుకోకుండా డ్యూటీ రోస్టర్ చూడండి, నిన్న రాత్రి పేర్లు అందులో ఉంటాయి.

కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. తిప్పినట్టు రాసే చార్టు మంచం దగ్గరే ఉండాలి, అందులో టైములన్నీ ఒకే పెన్నుతో ఒకే చేతిరాతతో వరసగా ఉంటే ఒక్కసారి కూర్చుని నింపేశారని అర్థం. ఎయిర్ బెడ్ వేశాం కదండీ ఇంక తిప్పక్కర్లేదు అంటే ఆ మాట నమ్మొద్దు, ఎయిర్ బెడ్ వేసినా తిప్పాల్సిందే. ఇప్పుడు మీ దగ్గర ఎవరికైనా పుళ్ళు ఉన్నాయా అని సూటిగా అడగండి. ఉన్నాయండీ, ఆసుపత్రి నుంచి వచ్చేటప్పటికే ఉన్నాయి, రోజూ డ్రెస్సింగ్ చేస్తున్నాం అని విప్పి చెప్పేవాళ్ళే నయం, మా దగ్గర ఎప్పుడూ ఎవరికీ రాలేదు అనేవాళ్ళ కంటే.

మీ అమ్మగారికి పక్షవాతం కాబట్టి రెండు విషయాలు ప్రత్యేకంగా గమనించండి. ఒకటి, అలాంటి పేషెంట్‌ని అక్కడివాళ్ళు మంచం మీంచి ఎలా లేపుతున్నారో చూడండి. పడిపోయిన చెయ్యి పట్టుకుని గుంజి లేపితే భుజం కీలు జారిపోవచ్చు, ఆ పని చేసే చోట ట్రైనింగ్ లేదని అర్థం, ఇంకేం చూడక్కర్లేదు, వచ్చెయ్యండి. రెండోది అన్నం పెట్టే టైముకి వెళ్ళండి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న ముద్దలు బాగున్న వైపు నోట్లో పెట్టి, మింగిందాకా ఆగి, బుగ్గలో మిగిలిందేమో చూసి, అప్పుడు ఇంకో ముద్ద పెట్టాలి. పడుకోబెట్టి గబగబా స్పూన్‌తో పోసేస్తే పొలమారి అన్నం మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, న్యుమోనియా వస్తుంది, స్ట్రోక్ వచ్చినవాళ్ళకి ఇది చాలా ప్రమాదం. తిన్నాక కనీసం అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. పదిమందికి ఒకే ఆయా అన్నం పెడుతుంటే ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి చెప్పండి.

నీళ్ళ సంగతి ఎవరూ అడగరు, మీరు అడగండి. డయపర్లు ఎక్కువ మార్చాల్సొస్తుందని సాయంత్రం నాలుగు నుంచి నీళ్ళు తగ్గించేసే చోట్లు ఉన్నాయి, దాంతో నోరు ఎండిపోతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, మనిషి అయోమయంగా మాట్లాడటం, అన్నీ మొదలవుతాయి. పెద్దవాళ్ళకి ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం రాకుండా ముందు ఈ అయోమయమే రావచ్చు, అది వయసు వల్లే అని కొట్టిపారేసే స్టాఫ్ ఉన్నచోట మనిషిని పెట్టకూడదు. రాత్రి భోజనం ఆరింటికే పెట్టేసి పొద్దున టిఫిన్ తొమ్మిదింటికి ఇస్తే పదిహేను గంటల ఖాళీ, షుగర్ మందులు వాడేవాళ్ళకి రాత్రి షుగర్ పడిపోవచ్చు, మధ్యలో పాలో ఇంకేదో ఇస్తారా అడగండి. నెలకోసారి బరువు చూసి రాస్తారా అని కూడా.

వాసన సంగతి మీకే తెలుస్తుంది. మూత్రం వాసన ఒక్కటే కాదు, ఘాటుగా ఫినాయిల్ వాసన కొడుతున్నా అనుమానించండి. గోళ్ళు చూడండి, మగవాళ్ళ గడ్డాలు చూడండి, కళ్ళజోడు మొహం మీద ఉందా డ్రాయర్‌లో ఉందా, కట్టుడు పళ్ళు ఎవరివి వాళ్ళకే వెళ్తున్నాయా. పక్కన మంచం దగ్గర బెల్ నొక్కి ఎంతసేపటికి ఎవరొస్తారో వాచీ చూసుకోండి. పగలంతా అందరూ మత్తుగా పడుకుని ఉంటే మందుల చార్టులో నిద్ర మాత్రలు ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అడగండి. చేతులు మంచానికి కట్టేసి కనిపిస్తే నేనైతే ఆ కారణం ఏం చెప్పినా వినను.

ఇంకొకటి మంటలు. 2023 జనవరి 1న ఢిల్లీ గ్రేటర్ కైలాష్‌లో ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో మంటలు వచ్చి ఇద్దరు పెద్దావిడలు చనిపోయారు. 2020 ఆగస్టు 9న మన విజయవాడలో హోటల్‌లో నడిపిన కోవిడ్ కేర్ సెంటర్‌లో పదిమంది పోయారు. మన సిటీలో ఈ సెంటర్లు చాలావరకు ఇళ్ళని అద్దెకి తీసుకుని నడిపేవే, ఇల్లు కట్టింది నలుగురి కాపురానికి, ఉండేది ముప్పై మంది నడవలేనివాళ్ళు. కాబట్టి రెండో మెట్ల దారి ఉందా, దాన్ని మంచాలతో బీరువాలతో మూసేశారా, రాత్రి గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, లిఫ్ట్‌లో స్ట్రెచర్ పడుతుందా, ఇవి మీరే నడిచి చూడండి. కుదిరితే అమ్మగారికి గ్రౌండ్ ఫ్లోర్ అడగండి. ఏసీకీ ఆక్సిజన్ మెషీన్‌కీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడుతుంటే అది చాలా తప్పు.

డబ్బు విషయం క్లుప్తంగా: నెల ఫీజులో డయపర్లు, మందులు, ఫిజియో, డాక్టర్ విజిట్ కలిసున్నాయా లేదా, మధ్యలో తీసుకెళ్ళిపోతే అడ్వాన్స్ ఎన్నాళ్ళకి తిరిగిస్తారు, ఎమర్జెన్సీ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, మీకు ఎంతసేపట్లో ఫోన్ చేస్తారు, అన్నీ కాగితం మీద రాయించుకోండి. ముందే మూడు నెలలది కట్టకండి, పదిహేను రోజులు పెట్టి చూడండి. మీ ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న మామూలు సెంటరు, గంటన్నర దూరంలో ఉన్న గొప్ప సెంటర్ కంటే నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే మీరు వారానికి నాలుగుసార్లు వెళ్ళగలరు, వెళ్ళినప్పుడల్లా దుప్పటి తీసి మడమలు, నడుం, మోచేతులు చూడండి. వేలితో నొక్కినా తెల్లబడని ఎరుపు కనిపిస్తే పుండు మొదలవుతోందని, ఆ రోజే చెప్పాలి.

ప్రశ్న: మా నాన్నగారికి మతిమరుపు జబ్బు. ఒక హోమ్‌లో చేర్చుకుంటామన్నారు కానీ అలవాటు పడాలి కాబట్టి మొదటి నెల ఎవరూ రావద్దు, ఫోన్ కూడా వద్దు అంటున్నారు. ఇది మామూలేనా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఒప్పుకోకండి బాబూ. కొత్త చోట అలవాటు పడటానికి టైము పడుతుంది, మీరు బయల్దేరేటప్పుడు ఆయన ఏడుస్తారు, నేనూ వస్తానంటారు, అది చూడటం కష్టమే. రోజూ ఒకే టైముకి వచ్చి కాసేపుండి వెళ్ళండి అని చెప్తే అర్థం ఉంది. నెల రోజులు అసలు కనపడొద్దు అంటే ఆ నెలలో ఆయన ఒంటి మీద ఏం జరిగినా మీకు తెలీదు, తెలిసిన మొహం ఒక్కటీ లేక ఆయన ఇంకా బెదిరిపోతారు. వేళాపాళా లేకుండా వచ్చి చూసే హక్కు రాతలో ఇవ్వమనండి, ఇవ్వకపోతే ఇంకోటి చూసుకోండి. ఆయన రోజూ వాడే దుప్పటి, పాత రేడియో, మీ అమ్మగారి ఫోటో వెంట పంపండి. బయటికి వెళ్ళిపోయే అలవాటుంటే గేటు దగ్గర మనిషి ఉంటాడా అన్నది చూడండి, జేబులో మీ ఫోన్ నంబర్ రాసిన చీటీ ఉండాలి.

ప్రశ్న: మా పెద్దమ్మ ఉంటున్న హోమ్‌కి వెళ్తే రెండు మణికట్టుల మీదా నీలంగా కమిలిన గుర్తులున్నాయి. అడిగితే రక్తం పల్చబడే మందు వల్ల అన్నారు. గొడవ చేస్తే ఆవిడనే ఇబ్బంది పెడతారేమో అని భయం. ఎవరికి చెప్పాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ మందుల వల్ల కమలడం నిజమే, కానీ రెండు మణికట్టులకీ సమానంగా గాజుల్లా వచ్చిందంటే కట్టేసి ఉంటారని అనుమానించాలి. ముందు ఫోటోలు తీయండి, తేదీ కనిపించేలా. ఆ రోజే చెకప్ అని చెప్పి బయట డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి చూపించి రాయించుకోండి. మీ భయం నాకు అర్థమైంది, అందుకే ఫిర్యాదు కంటే ముందు పెద్దమ్మని అక్కణ్ణించి తెచ్చేసుకోండి, ఇంట్లో నాలుగు రోజులు ఇరుకైనా సరే. తర్వాత 14567కి ఫోన్ చెయ్యండి, అది పెద్దవాళ్ళ కోసం పెట్టిన ఉచిత హెల్ప్‌లైన్, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. కొట్టారనో కట్టేశారనో తేలితే పోలీసులకి రాసివ్వండి. కట్టిన డబ్బుకి సరైన సేవ ఇవ్వలేదని వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్ళొచ్చు, ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి అడగొచ్చు, బిల్లులు రసీదులు పారెయ్యకండి. తెచ్చుకునేటప్పుడు మందుల చార్టూ నర్సింగ్ నోట్సూ జిరాక్స్ అడిగి తీసుకోండి, ఆ పక్క మంచం మీదున్న ఆవిడ చేతులు కూడా ఒకసారి చూసి రండి.