విద్య, కుటుంబం, ప్రాంతీయ ఆర్థికం: ఉచిత అంతర్జాతీయ గణాంకాలు ఎక్కడ?

ఈ మూడు అంశాల్లో దేశాలను పోల్చడానికి ఉచిత గణాంకాలు అడిగారు. ముందు ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) చూడండి. 2000లో మొదలైన దాని పీసా పరీక్ష 15 ఏళ్ల విద్యార్థుల గణితం, పఠనం, విజ్ఞానశాస్త్ర సామర్థ్యాలను కొలుస్తుంది. పేర్లు తీసేసిన విద్యార్థి స్థాయి వివరాలు కూడా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: 2015 నుంచి ప్రతి విద్యార్థికీ ఒక్కో సబ్జెక్టులో ఒకే మార్కు కాదు, 10 అంచనా విలువలు (ఆ విద్యార్థి సామర్థ్యం ఎంత ఉండవచ్చో చెప్పే అంకెలు) ఉంటాయి. వాటిని ముందే సగటు చేయకండి. ఒక్కోదానితో విడిగా విశ్లేషించి, చివరి ఫలితాలనే సగటు చేయాలి. ఇది చాలామంది పట్టించుకోరు, అక్కడే పరిశోధన దెబ్బతింటుంది.

జననాలు, వివాహాలు, ప్రసూతి సెలవులకు ఓఈసీడీ కుటుంబ డేటాబేస్ ఉంది. దేశాల్లోని ప్రాంతాల ఆర్థిక వివరాలకూ ఆ సంస్థదే మరో డేటాబేస్ ఉంది. ఐరోపా వరకే అయితే ఐరోపా సమాఖ్య గణాంక సంస్థ యూరోస్టాట్ మేలు. ఇతర దేశాల విద్యా వివరాలకు యునెస్కో గణాంక సంస్థను ఆశ్రయించండి.