సల్వా గేటు మూసిన రోజు నేను దోహాలో ఉన్నాను

ప్రశ్న ఇది: "ఇస్లామిక్ దేశాల దగ్గర అంత చమురు, అంత డబ్బు, అన్ని ఆయుధాలు ఉన్నాయి కదా. అయినా వాటికి భద్రత ఎందుకు లేదు? వాటికి అసలు ముప్పు ఎవరి నుంచి?"

ఇక్కడ ఇప్పటికే వచ్చిన సమాధానాల్లో సగం షియా, సున్నీ తగాదా గురించి, మిగతా సగం ఇజ్రాయెల్ గురించి ఉన్నాయి. అవి అబద్ధమని నేను అనను. కానీ ఇస్లామిక్ సహకార సంస్థలోని 57 దేశాలనూ ఒకే గాటన కడితే ఏమీ తేలదు. నేను బతికి చూసింది గల్ఫ్. 2011 నుంచి 2022 దాకా దోహాలో ఒక కేటరింగ్ కంపెనీలో స్టోర్ కీపర్‌గా పనిచేశాను. అక్కడి దేశాలకు అసలు ముప్పు ఎక్కడుందో నాకు ఒకే ఒక్క రోజులో అర్థమైంది. వాళ్ల తిండి, నీళ్లు, దారి మూడూ పక్కవాడి చేతిలో ఉన్నాయి. ఆ పక్కవాడు సొంత మతంవాడైనా సరే, కోపం వస్తే గేటు మూసేస్తాడు.

2017 జూన్ 5, సోమవారం. రంజాన్ మొదలై పది రోజులైంది. మాది సనయ్యాలో, అంటే ఇండస్ట్రియల్ ఏరియాలో, పెద్ద వంటశాల. లేబర్ క్యాంపులకు రోజూ కొన్ని వేల భోజనాలు వెళ్లేవి. రంజాన్‌లో వాటితో పాటు ఇఫ్తార్ పొట్లాలు కూడా. ఖర్జూరాలు, ఒక పండు, లబన్ సీసా. లబన్ అంటే మన మజ్జిగలాంటిదే, కొంచెం చిక్కగా ఉంటుంది. ఆ లబన్, చికెన్, టమాటాలు, కీరాలు అన్నీ సౌదీ నుంచి రోడ్డు మీదే వచ్చేవి. ఖతార్‌కు నేల మీద సరిహద్దు ఒక్క సౌదీతోనే ఉంది, దారి కూడా ఒక్కటే. ఇటువైపు అబూ సమ్రా, అటువైపు సల్వా. దేశం తినే తిండిలో దాదాపు 40 శాతం ఆ ఒక్క గేటులోంచి వచ్చేదని తర్వాత పేపర్లో చదివాను. స్టోర్లో కూర్చునేవాడికి ఆ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు, ఇన్‌వాయిస్‌లు చూస్తే చాలు.

ఆ రోజు తెల్లవారుజామున ఐదింటికి రావాల్సిన ఫ్రీజర్ బండి రాలేదు. ఆరైనా రాలేదు. డ్రైవర్‌కు ఫోన్ చేశాను. పెషావర్ మనిషి, ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడేవాడు. "భాయ్, సల్వాలో ఆపేశారు, నా ముందు వందల బండ్లున్నాయి, ఎవరూ ఏమీ చెప్పడం లేదు" అన్నాడు. లోపలికి వచ్చి చూస్తే మా కేరళ మేనేజర్ ఫోన్ పట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నాడు. సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్ట్ నాలుగూ ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయట. నేల, నీరు, ఆకాశం మూడు దారులూ మూసేశారట. ముస్లిం బ్రదర్‌హుడ్ అనే ఇస్లామిక్ రాజకీయ సంస్థకు అండగా ఉంటున్నారని, ఇరాన్‌తో స్నేహం చేస్తున్నారని, ఉగ్రవాదులకు డబ్బిస్తున్నారని ఆరోపణ.

కోల్డ్ రూమ్ తలుపు తీసి లెక్క పెట్టాను. చికెన్ రెండు రోజులకు సరిపోతుంది. లబన్ ఆ పూటకే చాలదు. ఫ్రెష్ కూరగాయలు మర్నాటికి అయిపోతాయి. బియ్యం, పప్పు, నూనె నెలకు సరిపడా ఉన్నాయి కాబట్టి ఎవరూ ఆకలితో చావరు. కానీ పదిహేను గంటలు ఎండలో ఉపవాసం ఉన్న మనిషికి సాయంత్రం గొంతు తడుపుకోవడానికి లబన్ ఇవ్వలేకపోవడం చిన్న విషయం కాదు.

మూడు పికప్‌లు వేసుకుని సూపర్ మార్కెట్లకు వెళ్లాం. అప్పటికే జనం ట్రాలీల మీద ట్రాలీలు నింపుకుంటున్నారు. పాల ర్యాకులు ఖాళీ. చికెన్ ర్యాకులు ఖాళీ. సూటు వేసుకున్నవాళ్లు, అబాయాల్లో ఉన్న ఆడవాళ్లు, మనవాళ్లు అందరూ ఒకే క్యూలో ఉన్నారు. ఎవరూ అరవడం లేదు, కొట్టుకోవడం లేదు. ఆ నిశ్శబ్దానికే నాకు ఎక్కువ భయం వేసింది. మూడు షాపులు తిరిగితే దొరికింది నలభై సీసాల లబన్.

తిరిగి వచ్చాక పాలపొడి బస్తాలు విప్పించాను. మా రూమ్‌లో ఎప్పుడూ పెరుగు గిన్నె ఉండేది. రాజంపేట వాణ్ని, పెరుగన్నం లేకపోతే నాకు పూట గడవదు. ఆ గిన్నెలోని పెరుగే తోడుగా వేసి, రెండు పెద్ద డేక్షాల్లో పాలు తోడుపెట్టాం. మర్నాటి ఇఫ్తార్‌కు మజ్జిగ తయారైంది. మొదటి రోజు మాత్రం నిమ్మరసం, పంచదార కలిపిన నీళ్లే ఇవ్వగలిగాం.

అవి గ్లాసుల్లో పోస్తుంటే మా దగ్గర గిన్నెలు కడిగే బంగ్లాదేశ్ పెద్దాయన ఒక మాట అడిగాడు. "వాళ్లూ రోజా ఉన్నారు, వీళ్లూ రోజా ఉన్నారు. రంజాన్‌లో పక్కింటికి తిండి ఆపుతారా?" మేనేజర్ జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇన్నేళ్లలో ఈ విషయం మీద ఎన్నో చర్చలు చూశాను, ఆ ప్రశ్నను దాటి వెళ్లినది ఒక్కటీ కనబడలేదు.

తర్వాత జరిగిందీ చెప్పాలి. కొద్ది రోజుల్లోనే టర్కీ నుంచి విమానాల్లో పాలొచ్చాయి. డబ్బా మీద అంతా టర్కీ భాషే, 'సూత్' అంటే పాలని నేర్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇరాన్ నుంచి కూరగాయలొచ్చాయి. అంతకుముందు దుబాయ్ జెబెల్ అలీ రేవు మీదుగా వచ్చే సరుకు ఒమన్‌లోని సొహార్ మీదుగా రావడం మొదలైంది. జులైలో మొదటి విడతగా 165 ఆవులను కార్గో విమానంలో దించారు. ఎడారిలో షెడ్లు కట్టి, ఫ్యాన్లు పెట్టి, నీళ్లు చల్లి వాటిని పెంచారు. రెండేళ్లు తిరిగేసరికి దేశానికి కావాల్సిన తాజా పాలు అక్కడే పిండుకున్నారు. డబ్బుంటే ఏదైనా చేయొచ్చని చాలామంది అంటారు. డబ్బు ఒక్కటే కాదు, ఆ వారం రోజుల భయం వాళ్లను కదిలించింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. "ఇరాన్‌తో స్నేహం మానుకో, టర్కీ సైనిక స్థావరం మూసెయ్, అల్ జజీరా టీవీ ఆపెయ్" అంటూ ఆ నాలుగు దేశాలు ఖతార్‌కు 13 డిమాండ్లు పెట్టాయి. జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. దిగ్బంధం పెట్టిన రెండు రోజులకే ఖతార్‌కు ఇంకా సైన్యాన్ని పంపడానికి టర్కీ పార్లమెంటు ఒప్పుకుంది. ఆకాశంలో దారి లేక ఖతార్ విమానాలు ఇరాన్ మీదుగా ఎగిరాయి. ఎవరికి దూరంగా ఉండమన్నారో, వాళ్ల దగ్గరికే నెట్టారు. ఆ మొత్తం కాలంలో ఖతార్ నుంచి సముద్రం అడుగున ఎమిరేట్స్‌కు వెళ్లే డాల్ఫిన్ గ్యాస్ పైపును మాత్రం ఖతార్ ఒక్క రోజు కూడా ఆపలేదు. నా దృష్టిలో ఆ మూడున్నరేళ్లలో గల్ఫ్‌లో జరిగిన అతి తెలివైన పని అదే. అక్కడ ఎండాకాలంలో కరెంటు పోతే నరకం. ఆ నరకంలోకి అటువైపు జనాన్ని తోయలేదు.

మా ఇంట్లో ఈ భయం కొత్తది కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌లోకి వచ్చినప్పుడు మా మేనమామ అక్కడ ఒక ఇంట్లో డ్రైవర్. నాకప్పుడు ఏడేళ్లు. నెలన్నర ఆయన కబురే లేదు. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, ఎడారి గుడారాల్లో పడుకుని, అమ్మాన్‌లో ఎయిర్ ఇండియా విమానం ఎక్కి బొంబాయిలో దిగాడు. అలా సుమారు 1,70,000 మంది భారతీయులను తీసుకొచ్చారు. ఇరాక్‌కూ కువైట్‌కూ మధ్య మతం గొడవ ఏముంది? అప్పులు, చమురు ధర, ఒక బావి హద్దు. అయినా ఇప్పటికీ మన టీవీల్లో గల్ఫ్ పేరెత్తగానే షియా, సున్నీ అని రెండు రంగుల మ్యాప్ వేస్తారు. 2024 జనవరిలో ఇరాన్, పాకిస్తాన్ ఒకరి భూభాగం మీద ఒకరు దాడి చేసుకున్నది సరిహద్దు దాటి దాక్కున్న బలూచ్ ముఠాల కోసం. ఆ రంగుల మ్యాప్‌లో ఇదెక్కడ కనిపిస్తుంది? 2017లో ఇలాంటి చర్చలే చూసి మా అమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. దోహా మీద క్షిపణులు పడుతున్నట్టు బొమ్మలు వేశారట. నేనేమో అక్కడ మజ్జిగ చిలుకుతున్నాను.

ఇంకో విషయానికి నా కడుపు మండుతుంది. గల్ఫ్ భద్రత గురించి రాసేవాళ్లు ఎన్ని యుద్ధ విమానాలు కొన్నారో చెబుతారు, మమ్మల్ని లెక్కలోకి తీసుకోరు. ఖతార్‌లో పది మందిలో దాదాపు తొమ్మిది మంది బయటి దేశాల వాళ్లే. ఆ జూన్‌లో మా రూమ్‌లో ఇద్దరు టెన్షన్ పడి ఇంటికి పోతామంటే కంపెనీ ఎగ్జిట్ పర్మిట్ ఇవ్వలేదు. అప్పట్లో యజమాని ఒప్పుకోకపోతే దేశం దాటలేం. 2018లో ఆ నిబంధనను చాలామంది కార్మికులకు తీసేశారు, మంచిదే. కానీ దేశాన్ని నడిపే చేతులు తలుపు వేసిన గదిలో ఉన్నప్పుడు, ఆ దేశం భద్రంగా ఉందని ఎలా అంటారు?

తిండి సంగతి ఇలా సర్దుకోవచ్చు. నీళ్లు? అక్కడ తాగే నీళ్లు దాదాపు మొత్తం సముద్రపు నీటిని శుద్ధి చేసినవే. 1991 యుద్ధంలో ఇరాక్ సైన్యం సముద్రంలోకి చమురు వదిలితే, అది సౌదీలోని జుబైల్ ప్లాంట్‌లోకి పోకుండా అడ్డుకట్టలు వేయాల్సి వచ్చింది. దిగ్బంధం పాఠంతో ఖతార్ 2018 చివర్లో భారీ నీటి రిజర్వాయర్లు ప్రారంభించింది. నన్నడిగితే వాళ్లు కొన్న విమానాలన్నిటికంటే ఆ ట్యాంకులే గొప్ప రక్షణ. ఇక దారి అంటే హర్ముజ్, గల్ఫ్ చమురు ఓడలు బయటి సముద్రంలోకి వెళ్లే ఇరుకు జలసంధి. సౌదీకి ఎర్ర సముద్రం వైపు యాన్బూ దాకా పైపు ఉంది, ఎమిరేట్స్‌కు ఫుజైరా దాకా ఉంది. ఖతార్, కువైట్‌లకు అలాంటి ఇంకో దారే లేదు.

ఈ లోటును విదేశీ సైన్యంతో పూడ్చుకుందామనుకున్నారు. దోహా పక్కన అల్ ఉదైద్‌లో ఈ ప్రాంతం మొత్తంలోకి పెద్ద అమెరికా స్థావరం ఉంది. 2017లో అది ఉండగానే గేటు మూతపడింది. 2025 జూన్ 23న ఇరాన్ ఆ స్థావరం మీదికే క్షిపణులు వదిలింది. అదే ఏడాది సెప్టెంబర్ 9న హమాస్ నాయకుల కోసం ఇజ్రాయెల్ దోహాలోనే బాంబులు వేసింది. అప్పటికి నేను ఊరికి వచ్చేశాను. నా పాత రూమ్‌మేట్ ఫోన్ చేసి "అన్నా, ఈసారి నిజంగానే పొగ కనిపించింది" అన్నాడు. ఎనిమిది రోజులకే సౌదీ పాకిస్తాన్‌తో రక్షణ ఒప్పందం చేసుకుంది. అద్దె కాపలాదారు మీద నమ్మకం పోతే ఇంకొకరిని వెతుక్కున్నారని నేను అనుకుంటున్నాను. పక్కింటితో రాజీ పడటం దానికంటే చవక, అయినా ఎవరూ దాని మీద అంత శ్రద్ధ పెట్టడం లేదు.

2021 జనవరి 5న సౌదీలోని అల్ ఉలాలో దిగ్బంధం ముగించే రాజీ మీద సంతకాలు అయ్యాయి. ఆ వారమే సల్వా గేటు తెరిచారు. కొంతకాలానికి సౌదీ సరుకు మళ్లీ రావడం మొదలైంది, ధర కూడా తక్కువే. పాలపొడి నిల్వ తగ్గించమంటారా అని మేనేజర్‌ను అడిగాను. గది చాలడం లేదు, బస్తాలు నడవలో పెడుతున్నాం. ఆయన రిజిస్టర్ మీంచి తలెత్తకుండానే "అరవై రోజులకు సరిపడా ఉండాల్సిందే" అన్నాడు. 2022లో నేను తాళాలు అప్పగించిన రోజు కూడా ఆ బస్తాలు నడవలోనే ఉన్నాయి.