కొల్లేటి గట్టు మీద సైకిల్ దారి సంగతి

చిన్నా,

నీ ఫోన్ వచ్చాక రెండు రోజులు ఆలోచించి ఇది రాస్తున్నాను. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్లు కార్లలో గట్టుదాకా వచ్చి, నాలుగు ఫోటోలు తీసుకుని అరగంటలో వెళ్లిపోతున్నారని, నడకదారీ సైకిల్ దారీ ఉంటే ఒక పూట ఊళ్లో ఉంటారని, మనవాళ్లకు నాలుగు డబ్బులొస్తాయని అన్నావు. మంచి ఆలోచన. ముప్పై ఏళ్లు కాలువ గట్ల మీద పనిచేసినవాడిగా నేను చెప్పేది ఒకటే. కొత్త దారి వేయొద్దు, ఉన్న గట్టునే బాగుచేసుకోండి.

కొల్లేరు కదలకుండా నిలబడే నీళ్లు కాదు. బుడమేరు, తమ్మిలేరు లాంటివి పైనుంచి తెచ్చి పోస్తే, సముద్రానికి తీసుకుపోయేది ఉప్పుటేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ఎలా ముంచిందో చూశాం కదా. అలాంటి చోట అడుగు ఎత్తున అడ్డంగా మట్టి పోసినా అది ఆనకట్టే అవుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డొంక మీద గ్రావెల్ పోయించాం, అడుగున రెండు తూము గొట్టాలు చాలన్నారు, నేనూ సరేనన్నాను. మొదటి పెద్ద వానకే ఎగువ వరి వారం రోజులు నీళ్లలో నానింది, చివరికి రైతులే రాత్రికి రాత్రి దారికి గండి కొట్టారు. వాళ్లు చేసిందే సరైన పని. ఆ పొలాలు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి.

పారకు పని చెప్పే ముందు అటవీశాఖ వాళ్ల దగ్గరికి వెళ్లు. 1999 నుంచి ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన హద్దు, దాని లోపలంతా అభయారణ్యం. 2002లో రామ్‌సర్ జాబితాలోకీ, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకీ వచ్చింది. 2006లో ఆ హద్దు లోపలి చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన రోజులు మీ నాన్నని అడుగు, చెబుతాడు. అనుమతి కాగితం చేతికొచ్చేదాకా ఒక్క రూపాయి కూడా ఖర్చుపెట్టకు.

ఇక మట్టి. మనది నల్లమట్టి, తడిస్తే చక్రానికి చుట్టుకుని మడ్‌గార్డులో ఇరుక్కుంటుంది, ఎండితే నెర్రెలిస్తుంది. సిమెంటు జోలికి మాత్రం పోవద్దు, కింద నేల ఉబ్బి కుంగేకొద్దీ పలకలు పగిలిపోతాయి. పలచగా గ్రావెల్ పరిచి, తడిపి, గట్టిగా దిమ్మిస కొట్టించండి. దారి ఒక పక్కకి కొంచెం వాలు ఉండాలి, మీటరు వెడల్పుకి మూడు సెంటీమీటర్లు చాలు, నీళ్లు నిలవవు. మొత్తం వెడల్పు రెండు మీటర్లు దాటనివ్వకు. ఇంకొంచెం ఉంటే బాగుంటుందని అందరూ అంటారు, ఒప్పుకున్నావంటే మర్నాడే ఆటో ఎక్కుతుంది, ఆ వెనకే కారు. మొదట్లోనే సైకిల్ పట్టేంత సందు వదిలి గుంజలు పాతండి.

ఒక మాట మర్చిపోబోయాను. చెరువుల వాళ్లు మేత బస్తాలు తోలుకునేది కూడా ఆ గట్ల మీదే. వాళ్లతో కూర్చుని మాట్లాడకుండా మొదలుపెడితే రోజూ తగువే. వాళ్ల బండ్లు తిరగని గట్టు ఎంచుకో, లేదంటే వేళలు పంచుకోండి.

గూడబాతుల (పెలికాన్ల) విషయంలో నేను అసలు తగ్గను. చలికాలంలో గూళ్ల మీద ఉన్న తల్లి ఒక్కసారి బెదిరి లేచిందా, గుడ్లు ఎండకీ కాకులకీ వదిలేసినట్టే. దారి గూళ్ల చుట్టూ తిప్పకూడదు. దూరంగా ఒకే ఒక్క చోట, జమ్ముతో తడిక కట్టి, దాని వెనకనుంచి చూడనివ్వండి. లైట్లు, పాటలు, డ్రోన్లు ఏవీ వద్దు. గూళ్లకి దగ్గరైన ముక్కని ఆ నెలలు మూసేయండి, టూరిస్టులు ఎక్కువ వచ్చేది అప్పుడే అయినా సరే.

అద్దె సైకిళ్లు ఊరివాళ్లవే ఉండాలి, పంక్చర్లు వేసే కుర్రాడూ ఊళ్లోవాడే కావాలి. భోజనం ఇళ్లలో పెట్టించండి. మరుగుదొడ్డి మాత్రం నీటికి దూరంగా, మొదటి రోజుకే సిద్ధంగా ఉండాలి.

ఈ వానాకాలం దారి పని ఏమీ పెట్టుకోకు. నువ్వనుకున్న గట్టు పొడవునా వంద అడుగులకొక వెదురు గుంజ పాతి, నీళ్లు ఎక్కడిదాకా ఎక్కాయో, ఎన్నాళ్లు ఉన్నాయో రంగుతో గుర్తుపెట్టు. ఆ గుర్తులు చూశాకే దారి ఎటో, గొట్టాలు ఎన్నో తేలుద్దాం. గుంజలు పాతే రోజు ముందే చెప్పు, తెల్లారే కైకలూరు బస్సెక్కి వస్తాను.

మీ మామయ్య